సోర్సుకోడు నుండి కరదీపికల తయారీ

డాక్యుమెంటేషను జనరేటరు అనగా ప్రోగ్రాము సోర్సుకోడులోనే పొందుపరచిన వివరణలను సేకరించి, వాటి నుండి కరదీపికను తయారుచేసే సాఫ్టువేరు. జావాడాక్, డాక్సిజన్, స్ఫింక్స్ ఈ కోవకు చెందినవి. కోడు ఒకచోట, దాని వివరణ మరొకచోట ఉన్నపుడు ఒకటి మారినా రెండవది పాతదిగానే మిగిలిపోతుంది. రెండింటినీ ఒకేచోట ఉంచి ఈ తేడాను తగ్గించడమే ఈ పద్ధతి ఉద్దేశము.

== చరిత్ర ==
అమెరికా కంప్యూటరు శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ నూత్ 1984లో ప్రచురించిన "లిటరేట్ ప్రోగ్రామింగ్" అనే వ్యాసంలో, ప్రోగ్రామును యంత్రము కొరకే గాక మనుషులు చదువుకొనేందుకు వీలుగా రాయాలని ప్రతిపాదించాడు. ఆయన రూపొందించిన పద్ధతిలో ఒకే ఫైలు నుండి ఒక ఉపకరణము ప్రోగ్రామును, మరొకటి అచ్చుకు సిద్ధమైన వివరణను వెలికితీస్తాయి. టెక్ అనే అక్షరకూర్పు సాఫ్టువేరు కోడు యావత్తూ ఈ విధంగానే 1986లో పుస్తకరూపంలో వెలువడింది. 1990లలో జావా భాషతో పాటు జావాడాక్ వ్యాప్తిలోకి వచ్చింది. డిమిట్రి వాన్ హీష్ 1997లో డాక్సిజన్‌ను, గియోర్గ్ బ్రాండల్ 2008లో స్ఫింక్స్‌ను విడుదల చేశారు.

== పనిచేయు విధానము ==
కోడు మధ్యలో రాసే వ్యాఖ్యలను కంపైలరు పట్టించుకోదు. వాటిలో ప్రత్యేక గుర్తుతో మొదలయ్యే వాటిని జనరేటరు చదువుతుంది. ప్రమేయము పేరు, అది తీసుకొనే విలువల రకములు కోడు నుండే లభిస్తాయి. దాని ప్రయోజనము, కొలమానములు, పరిమితులు మాత్రము రచయిత రాయవలసినవి. ఈ రెండింటినీ కలిపి, విషయసూచికతో, పరస్పర లింకులతో వెబ్ పుటలను గాని అచ్చుప్రతిని గాని జనరేటరు రూపొందిస్తుంది.

== ఉదాహరణ ==
నల్గొండ జిల్లా సరిహద్దున గల నాగార్జునసాగర్ వంటి జలాశయము నుండి విడుదలయ్యే నీటిని లెక్కించే ప్రమేయమును ఊహించవచ్చు. అది క్యూసెక్కులను తీసుకొని రోజుకు ఎన్ని టీఎంసీలో చెపుతుంది. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. టీఎంసీ అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. కనుక దాదాపు 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. కోడులో కనిపించేది ఒక సంఖ్య మాత్రమే. అది క్యూసెక్కులన్న సంగతి వ్యాఖ్యలోనే ఉంటుంది. ఆ మాట లేనిచో ఎవరైనా క్యూమెక్కులలో విలువ ఇవ్వవచ్చు. ఒక క్యూమెక్కు సుమారు 35.3 క్యూసెక్కులకు సమానము గనుక, ఫలితము వాస్తవములో ముప్పై అయిదో వంతుకు పడిపోతుంది. అటువంటి లెక్కపై ఆధారపడి కాలువలకు నీటి వంతులు నిర్ణయిస్తే నష్టపోయేది ఆయకట్టు రైతు.

== పరిమితులు ==
కోడును మార్చి వ్యాఖ్యను మార్చకపోతే, జనరేటరు ఆ తప్పునే చక్కగా అచ్చువేస్తుంది. దీనికి విరుగుడుగా పైథాన్‌లోని డాక్‌టెస్ట్, వివరణలో ఇచ్చిన ఉదాహరణలను నిజంగా నడిపి ఫలితమును సరిచూస్తుంది. పై ఉదాహరణలో 11,574కు దాదాపు 1 రావాలని రాసి ఉంచితే, సూత్రము చెడిన వెంటనే తెలిసిపోతుంది. కొత్తవారికి సాఫ్టువేరును మొదటినుండి నేర్పే పాఠమును మాత్రము విడిగా రాయక తప్పదు. ప్రమేయముల జాబితా పాఠము కాజాలదు.

== తెలుగులో ==
యూనికోడ్ వలన వ్యాఖ్యలను తెలుగులోనే రాయవచ్చు. పైథాన్ 3 సోర్సు ఫైళ్ళను యూటీఎఫ్-8గానే పరిగణిస్తుంది. ఇంగ్లీషులో ఉన్న వివరణను వాక్యఖండములుగా విడదీసి అనువాదమునకు అందించే సౌకర్యము కూడా స్ఫింక్స్‌లో ఉంది. అచ్చుప్రతికి మాత్రము గుణింతములను, వత్తులను సరిగా కూర్చగల జీటెక్ వంటి సాధనమును, తెలుగు ఫాంటును ఎంచుకోవాలి.

== ఇవి కూడా చూడండి ==
* యూనికోడ్
* డోనాల్డ్ నూత్
* నాగార్జునసాగర్