కూరగాయల బండిలో కుదుపులను నమోదు చేయు పరికరము – కొనుటకు ముందు చూడవలసిన గుణములు



తోటలో కోసినపుడు గట్టిగా నున్న టమాటా, సీతమ్మధార రైతుబజారులో ట్రే దించుసరికి కొంత పగిలి, కొంత నలిగి యుండుట మీరెరిగినదే. నలిగిన కాయ ఆ రోజున పైకి తెలియదు. మరునాటికి మెత్తబడి ప్రక్క కాయను కూడ చెరచును. 1999లో ఆరంభమైన రైతుబజారు పద్ధతిలో రైతు తన సరుకును తానే అమ్ముకొనును గనుక దారిలో కలుగు నష్టమంతయు అతనిదే.

ఈ నష్టము ఎక్కడ కలిగినది? బండి కెత్తునపుడా, గతుకుల బాటలోనా, బజారులో దించునపుడా? రైతు డ్రైవరును, డ్రైవరు హమాలీని తప్పుపట్టినందువలన ప్రయోజనము లేదు. కుదుపులను అంకెలలో వ్రాసిపెట్టు చిన్న పరికరములు నేడు దొరకుచున్నవి. వీటిని డేటా లాగర్లందురు. అయితే అన్ని లాగర్లును ఈ పనికి పనికిరావు.

వేగము

ట్రేను 30 సెంటీమీటర్ల ఎత్తునుండి జారవిడిచితిరనుకొనుడు. అది నేలను తాకుటకు పావు సెకను పట్టును. తాకిన పిమ్మట ఆగుటకు పట్టు కాలము ఇంకను స్వల్పము. అది సెకనులో నూరవవంతు అనుకొందము. కాయ నలుగునది ఆ నూరవవంతులోనే. సెకనుకు ఒక్కసారి కొలుచు లాగరు ఆ దెబ్బను దాదాపు ఎన్నడును చూడజాలదు. చూడలేదు గనుక "దెబ్బ లేదు" అని వ్రాయును. పరికరము లేకపోవుటకన్న ఇది ఎక్కువ కీడు. సెకనుకు 1,000 సార్లు కొలుచు లాగరునకు అదే దెబ్బలో 10 కొలతలు దొరకును. దెబ్బ ఎంత గట్టిదో, ఎంతసేపు నిలిచినదో అపుడు తెలియును.

కొలత పరిమితి

పై లెక్క ప్రకారము ట్రే ఆగునపుడు కాయపై పడు ఒత్తిడి సగటున దాని బరువునకు సుమారు 25 రెట్లు. దీనిని 25 జి అని వ్రాయుదురు. మధ్యలో అది 40 జి వరకు పోవచ్చును. 16 జి వరకు మాత్రమే కొలుచు సెన్సారు ఆ పైని దెబ్బలన్నిటిని 16 అనియే చూపును. కావున 50 లేక 100 జి పరిమితి గల దానిని, మూడు దిక్కుల కుదుపులను ఒకేసారి కొలుచు దానిని ఎన్నుకొనవలెను.

వడపోత

సినిమాలో బండి చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట మీరు చూచియుందురు. చక్రపు వేగమునకు తగినంత త్వరగా బొమ్మలు తీయనందున కలుగు భ్రమ అది. లాగరు కూడ ఇట్లే మోసపోవును. అత్యంత వేగమైన కంపనము నెమ్మదిగా నున్నట్లు నమోదగును. దీనిని నివారించుటకు, కొలత తీయుటకు ముందే అతివేగపు కంపనములను ఆపు వడపోత లోపల నుండవలెను. ఇది యున్నదా యని అమ్మువానిని అడుగుడు.

జ్ఞాపకము, బ్యాటరీ, గడియారము

మూడు దిక్కులను సెకనుకు 1,000 సార్లు, ఒక్కొక్క కొలతకు 2 బైట్ల చొప్పున వ్రాసిన గంటకు 2 కోట్ల 16 లక్షల బైట్లగును. అనగా సుమారు 22 మెగాబైట్లు. చిన్న మెమరీ కార్డుకు ఇది భారము కాదు. బ్యాటరీ మాత్రము ఎత్తుట మొదలు దించుటవరకు ఆగకుండ పనిచేయవలెను. దెబ్బ తగిలినపుడు మాత్రమే వ్రాయు ఏర్పాటున్న బ్యాటరీ ఆదా యగును. అట్టిదానిలో దెబ్బకు ముందటి క్షణములు కూడ నిలుచునట్లుండవలెను. గడియారము సరిగా నుండుట ముఖ్యము. పెట్టెలోనికి దుమ్ము, నీరు చొరరాదు.

వాడు విధము

పద్మనాభమునుండి ఆనందపురము, మద్దిలపాలెము మీదుగా సీతమ్మధారకు వచ్చు వ్యానును తీసికొందము. లాగరును ట్రే అడుగునకు కదలకుండ బిగించవలెను. వదులుగా నున్న అది తానే ఎగిరి తప్పు లెక్క చూపును. సామాన్యముగా వెనుక చక్రముల పైనను, ఆ వెనుకను, పై వరుసలో కుదుపు హెచ్చు గనుక ఒక ట్రేను అచటను, ఇంకొకదానిని ముందును ఉంచి పోల్చవలెను. ఎత్తిన వేళ, రోడ్డెక్కిన వేళ, ఆనందపురము దాటిన వేళ, దించిన వేళ కాగితముపై వ్రాసికొనుడు. తరువాత కంప్యూటరులో గీతను ఈ వేళలతో సరిచూచిన పెద్ద దెబ్బ ఎచట తగిలినదో స్పష్టమగును.

దెబ్బలు దించునపుడే హెచ్చుగా నున్నచో ట్రేను విసరకుండ చేతికి చేయి అందించవలెను. బాటలో నున్నచో వేగము తగ్గించి, ట్రే అడుగున మెత్త వేసి, కాయలను అంచుకు దిగువగా నింపవలెను. పిమ్మట మరల కొలిచి, దెబ్బ తగ్గినదా యని చూడవలెను.

ఒక హెచ్చరిక

బండిలో వేడిని మాత్రమే తెలిసికొనగోరువారికి ఇంత వేగము అనవసరము. వేడి నెమ్మదిగా మారును గనుక 5 నిమిషముల కొక కొలత చాలును. అట్టి లాగరు చౌక. వేగమునకు ధర హెచ్చు. కావున కుదుపు లాగరును ఒక్క రైతు కొనుటకన్న సంఘముగా కొని వంతులవారీగా వాడుకొనుట మేలు. ఏడాది పొడవున అది అవసరము లేదు. ప్రతి బాటకును, ప్రతి బండికిని కొన్ని ప్రయాణములు కొలిచిన చాలును. పిమ్మట కావలసినది జాగ్రత్త మాత్రమే.