వీడియో గేమ్‌తో గిటార్ వస్తుందా?

ఆడుకుంటూ గిటార్ నేర్చుకోవచ్చట, నిజమేనా అని అడిగే కుర్రకారు ఉస్మానియా హాస్టళ్లలోనూ తార్నాక పీజీల్లోనూ తరచుగానే తగులుతుంటారు. గేములు ఆడటానికి సరిపోయే ల్యాప్‌టాప్ ఎలాగూ ఉంటుంది. అన్నయ్య మోజుపడి కొని వదిలేసిన గిటారో, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందో ఒకటి మంచం పక్కన గోడకు ఆనించి ఉంటుంది. క్లాసుకు వెళ్దామంటే నెలనెలా ఫీజు, పైగా ల్యాబ్ ఉన్న రోజునే వాళ్ల టైమింగు. అలాంటప్పుడు ఈ ప్రశ్న రావడంలో వింతేమీ లేదు. నా జవాబు ఇది: గేమ్‌తో చెయ్యి తిరుగుతుంది, చెవి మాత్రం తిరగదు. ఆ రెండో దానికి వేరే దారి చూసుకోవాలి.

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. గిటార్ గేమ్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది గిటార్ హీరో. 2005 నవంబరులో ప్లేస్టేషన్ 2 మీద వచ్చింది. అది చేతికిచ్చేది ప్లాస్టిక్ బొమ్మ. తీగలుండవు, మెడ మీద ఐదు రంగుల బటన్లుంటాయి. అందులో ఛాంపియన్ అయినవాడి చేతికి నిజం గిటార్ ఇస్తే ఒక్క కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) కూడా పట్టలేడు. తాళం తప్పకుండా ఉండటం మాత్రం వస్తుంది, అది చిన్న విషయమేమీ కాదు. ఇప్పుడు మనం మాట్లాడుకునేది రాక్‌స్మిత్ లాంటి వాటి గురించి. యూబీసాఫ్ట్ కంపెనీ 2011 అక్టోబరులో తెచ్చిన ఈ గేమ్‌లో మీ అసలు గిటార్‌నే కేబుల్‌తో కంప్యూటర్‌కు తగిలిస్తారు. ఏ తీగ, ఎన్నో ఫ్రెట్ (మెడ మీది అడ్డగీత), ఎప్పుడు మీటాలి అన్నది తెర మీద మీ వైపు దూసుకొస్తుంది. మీరు మీటింది సరైనదో కాదో అది విని చెబుతుంది. 2022లో వచ్చిన రాక్‌స్మిత్ ప్లస్‌లో కేబుల్ లేకపోయినా ఫోన్ మైకుతో పని నడుస్తుంది, కాకపోతే చందా కట్టాలి.

మీటింది ఏ స్వరమో గేమ్‌కు ఎలా తెలుస్తుంది?

ఎలక్ట్రిక్ గిటార్ తీగల కింద అయస్కాంతాలు, వాటి చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టలు ఉంటాయి. పికప్ అనేది దాన్నే. పైన ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం కదిలి, చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. కేబుల్ ఆ కరెంటును సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా కంప్యూటర్‌కు పంపుతుంది. ఆ అంకెల్లో ఒకే ఆకారం సెకనుకు ఎన్నిసార్లు తిరిగి వస్తోందో లెక్కేస్తే స్వరం తెలిసిపోతుంది. అన్నిటికంటే లావు తీగ, ఆరోది, సెకనుకు దాదాపు 82 సార్లు ఊగుతుంది. సన్నది దాదాపు 330 సార్లు. ఈ లెక్కల వెనక ఉన్న గణితం మనకు పరాయిదేమీ కాదు. తార్నాక పక్కనే ఉప్పల్ రోడ్డు మీదున్న భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో భూకంప తరంగాలను విడదీసి చూసేదీ గణితవేత్త ఫూరియే వేసిన దారిలోనే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. లావు తీగ ఒక్కసారి ఊగడానికే 12 మిల్లీసెకన్లు పడుతుంది. ఆకారం తిరిగి వచ్చిందని నమ్మకంగా చెప్పాలంటే కనీసం రెండు ఊపులు చూడాలి, అంటే 24 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన కంప్యూటర్ కొన్నా ఈ ఆలస్యం తప్పదు. అందుకే లావు తీగల మీద చకచకా వాయించినప్పుడు గేమ్ కాస్త తడబడుతుంది. ఆ తప్పు మీదనుకుని నిరుత్సాహపడకండి.

మరి కార్డ్ సంగతేమిటి? ఆరు తీగలు ఒకేసారి మోగితే అన్నీ కలగాపులగం అవుతాయి కదా? అవుతాయి. అయితే గేమ్‌కు ఒక సౌకర్యం ఉంది. జవాబు దానికి ముందే తెలుసు. జనంలో ఎవరెవరున్నారో పోల్చుకోవడం కష్టం గానీ, చేతిలో హాజరు పట్టీ పెట్టుకుని పేరు పిలిస్తే పలికారా లేదా అన్నది చూడటం తేలిక. గేమ్ చేసేది ఆ రెండో పనే. జి మేజర్ రావాలి కాబట్టి అందులోని స్వరాలు వినపడ్డాయా అని మాత్రమే చూస్తుంది. మీరంతట మీరు ఏదో కొత్తది వాయిస్తే దాని గురించి చెప్పేందుకు దాని దగ్గర ఏమీ లేదు.

ఇంకొక పరిమితి చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఐదో తీగను ఏమీ నొక్కకుండా మీటండి. సెకనుకు 110 కంపనాలు. ఇప్పుడు ఆరో తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. అదీ 110. తెర మీద ఒకటి చూపించినప్పుడు మీరు రెండోది వాయించినా గేమ్ సరేనంటుంది. ఏ వేలితో నొక్కారో, బొటనవేలు మెడ వెనక ఉందో పైకెక్కి కూర్చుందో, మణికట్టు ఎంత వంకర తిరిగిందో దానికి తెలియదు. టీచర్ ఉంటే మొదటి పది నిమిషాల్లోనే మణికట్టు పట్టుకుని సరిచేసేవారు.

గుయ్‌మని గిటార్‌లో ఆ మోత ఎందుకు?

తార్నాకలోనూ లాలాగూడలోనూ పాత ఇళ్లలో అద్దెకున్నవాళ్లకు ఈ బాధ ఎక్కువ. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. పికప్ చుట్ట దాన్ని కూడా పట్టేస్తుంది. ఉత్త 50 మాత్రమే అయితే పర్వాలేదు, దాని గుణిజాలు 100, 150 కూడా వెంట వస్తాయి. మన నాలుగో తీగ, అంటే డి, ఊగేది దాదాపు 147 సార్లు. 150కి పొరుగే. మోత బాగా ఎక్కువైతే గేమ్‌కు మీరు మీటింది స్పష్టంగా వినపడదు. పాత ఇళ్ల ప్లగ్గులో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక ఎర్త్ వైరు ఉందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు, అది లేకపోతే ఈ మోత పెరుగుతుంది.

ఒక పరీక్ష చేయండి. తీగల మీద అరచెయ్యి ఆనించండి. మోత తగ్గితే గిటార్ బాగానే ఉంది, చుట్టుపక్కల కరెంటు మోతే అది. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ ఉంటే ఫ్యాన్ ఆపేయడమో ఫుల్ స్పీడులో పెట్టడమో చేయండి. మే నెలలో తార్నాక గదిలో ఫ్యాన్ ఆపమనడం దుర్మార్గమే, తెలుసు. అయినా తేడా మీకే వినపడుతుంది.

ఇంతకంటే పెద్ద శత్రువు చెవిలో పెట్టుకునే బ్లూటూత్ ఇయర్‌బడ్స్. పక్క మంచం వాడు గ్రూప్స్‌కు చదువుకుంటున్నాడని మొహమాటపడి అవి పెట్టుకుంటారు. బ్లూటూత్‌లో శబ్దం చెవికి చేరేసరికి 100 మిల్లీసెకన్లు దాటడం మామూలే. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య దూరం 500 మిల్లీసెకన్లు, అందులో పావు భాగం 125. అంటే మీరు మీటింది ఒక పావు దెబ్బ ఆలస్యంగా మీకే వినిపిస్తోందన్నమాట. అలా నెల రోజులు సాధన చేస్తే తాళం రావడం అటుంచి ఉన్నది పోతుంది. పాతకాలపు వైరు ఇయర్‌ఫోన్ చాలు.

చెయ్యి అంత త్వరగా ఎలా తిరుగుతుంది?

విసుగు లేని గురువు దొరికాడు కాబట్టి. ఒక పాటలో ఒక ముక్క మీకు రావడం లేదు. గేమ్ ఆ ముక్కను మాత్రమే కత్తిరించి, వేగం సగానికి తగ్గించి, మళ్లీ మళ్లీ తిప్పుతుంది. తప్పు లేకుండా వాయించగానే వేగం పెంచుతుంది. వస్తున్న చోట స్వరాలు పెంచి, రాని చోట తగ్గిస్తుంది. ఇంట్లో ఎవరికీ వినే ఓపిక లేని ఈ నస పని నిజానికి సాధనలో ముప్పాతిక వంతు. మొదటి వారాల్లో వేలి కొనలు మండుతాయి. ఇరవై నిమిషాలు వాయించి ఆపేసి, మర్నాడు మళ్లీ కూర్చోండి. చర్మం గట్టిపడ్డాక ఆ బాధ పోతుంది. స్కోరు కోసం గంటలు గంటలు కూర్చోబెట్టే గుణం గేమ్‌కు ఉంది, మొదటి నెలలో ఆ మాయలో పడకండి.

చెవి ఎందుకు తిరగదు?

ఇదే అసలు ప్రశ్న, కాస్త నిదానంగా చూద్దాం. తెర మీద జవాబు కనపడుతున్నంతసేపూ చెవికి పని లేదు. కన్ను చూస్తుంది, వేలు వెళ్తుంది. 1984లో సాల్మోనీ, ష్మిట్, వాల్టర్ అనే పరిశోధకులు శరీరం నైపుణ్యాలు ఎలా నేర్చుకుంటుందన్న దాని మీద అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ సమీక్షించారు. అడుగడుగునా ఒప్పో తప్పో చెబుతూ ఉంటే సాధన చేసేటప్పుడు బాగా చేస్తారు గానీ, ఆ చెప్పడం ఆపేశాక అంత బాగా నిలవదని తేల్చారు. రాక్‌స్మిత్ చేసినవాళ్లకూ ఇది తెలిసినట్టే ఉంది. పాట బాగా వచ్చేకొద్దీ తెర మీది స్వరాలు మాయమైపోయే మాస్టర్ మోడ్ 2013లో వచ్చిన రెండో గేమ్‌లోనే పెట్టారు. దాన్ని ఆపేసుకుని ఆడేవాళ్లూ ఉంటారు.

దీనికి సరిగ్గా ఎదురుగా నిలబడే ఉదాహరణ మన దగ్గరే ఉంది. మాండొలిన్ శ్రీనివాస్, పాలకొల్లులో 1969లో పుట్టారు. ఆయనకు కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగ మీద వెతికి పట్టుకునేవాడు. ఆ పాఠాల్లో ఏ ఫ్రెట్ నొక్కాలో చెప్పే మనిషి లేడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. అంతటి ప్రతిభ అందరికీ ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. గేమ్ ఫ్రెట్ నంబరు ఇచ్చి స్వరం వినిపిస్తుంది. సుబ్బరాజు గారు స్వరం ఇచ్చి ఫ్రెట్‌ను శిష్యుడికే వదిలేశారు.

ఈ లోటు బయటపడేది స్నేహితుల ముందు. ఆర్ట్స్ కాలేజీ ముందు పచ్చికలో కూర్చున్నప్పుడు గిటార్ ఉందని తెలిస్తే అడిగేది ఇంగ్లిష్ రాక్ పాట కాదు. "మామా, ఇళయరాజా పాటొకటి ఎత్తుకోరా" అంటారు. గేమ్‌లో ఉన్నవి ఎక్కువగా పాశ్చాత్య రాక్ పాటలు. ఆరు నెలలు వాటిని వాయించినవాడు ఇక్కడ నోరు వెళ్లబెడతాడు. ఎవరో పాట మొదలెట్టి గొంతు అందక స్కేల్ దించితే ఇక చెప్పనే అక్కర్లేదు. అదే లాలాగూడ, మెట్టుగూడ చర్చిల్లో వాయించే కుర్రాళ్లను చూడండి. ఆ వైపు రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండటంతో గిటార్ అక్కడ ఎప్పటి నుంచో ఇంటి వస్తువు. పాడే అక్క ఏ స్కేల్‌లో మొదలెట్టినా రెండు దెబ్బల్లో పట్టుకుని, మెడకు బిగించే కేపో క్లిప్పును జరిపేస్తారు. వాళ్లకు తెర మీద ఏమీ రాదు. వింటారు, అంతే.

మన పాటలతో మరో చిక్కుంది. గేమ్ దృష్టిలో స్వరమంటే ఒక ఫ్రెట్, ఒక క్షణం. తీగను సాగదీసి పలికించడం అందులోనూ ఉంది గానీ, ఒక స్వరం నుంచి ఇంకో దానికి ఊగుతూ జారే గమకాన్ని ఆ గళ్లలో ఇరికించడం కుదరదు. సినిమా పాట పల్లవిని ఫ్రెట్ నంబర్ల ప్రకారం వాయిస్తే స్వరాలన్నీ కరెక్టే, పాట మాత్రం వినపడదు.

అయితే ఎలా వాడాలి?

కూర్చున్న సమయాన్ని రెండు ముక్కలు చేయండి. మొదటి సగం గేమ్‌తో, వేగం తగ్గించి, స్కోరు వైపు చూడకుండా. రెండో సగం ల్యాప్‌టాప్ మూత వేసేసి. ఇందాక వాయించిన ముక్కనే చీకట్లో తడుముకున్నట్టు వాయించండి. ఆ తర్వాత మీకు కంఠతా వచ్చిన తెలుగు పాట పల్లవి ఒకటి తీసుకుని, ముందు నోటితో పాడి, ఒకే ఒక్క తీగ మీద దాన్ని వెతకండి. ఒకే తీగ ఎందుకంటే స్వరం పెరిగిందా తగ్గిందా అన్నది చెయ్యి జరిగే దిశలోనే తెలిసిపోతుంది. మొదట్లో పావుగంటకు ఒక లైను కూడా రాదు. రాకపోయినా పర్లేదు, వెతకడమే అక్కడ పాఠం. నెలకోసారైనా వాయించడం వచ్చిన మనిషి ఎదుట కూర్చుని మీ మణికట్టు, బొటనవేలు చూపించుకోండి. క్యాంపస్‌లో, పక్కనున్న ఇఫ్లూలో గిటార్ వచ్చినవాళ్లు దొరక్కపోరు. ఒక చాయ్‌తో పనైపోతుంది.

డబ్బు విషయంలో ఒక్క మాట. మన దగ్గర దొరికే చవక గిటార్లలో చాలావాటికి తీగలు ఫ్రెట్ల మీద మరీ ఎత్తుగా ఉంటాయి. నొక్కడానికి బలం చాలక, స్వరం పైకి జారి, గేమ్ తప్పు తప్పు అంటుంటే తప్పు తమదేననుకుని గిటార్‌ను అటక మీదకు ఎక్కించినవాళ్లు బోలెడంతమంది. కాబట్టి గేమ్ కొనే ముందు గిటార్‌ను రిపేరు చేసే మనిషి దగ్గరికి తీసుకెళ్లి కొత్త తీగలు వేయించి, ఎత్తు తగ్గించుకోండి. అది చేయించే దాకా గేమ్ కొనకండి.