విశ్వవిద్యాలయపు గడప: గ్రామపెద్దల కర్తవ్యము



బీదకుటుంబముల బాలబాలికలు పాఠశాల దాటి విశ్వవిద్యాలయమున ప్రవేశించుటకు గ్రామము చేయదగిన సాహాయ్యమును గూర్చి నేడు విన్నవించెదను. నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు చెప్పినవాడను. పేదయిండ్లలో తెలివి తక్కువగా పుట్టుననుటకు నాకొక్క నిదర్శనమైనను కనబడలేదు. ఐనను పదవతరగతిలో ముందుండిన పిల్లలే మూడేండ్ల పిమ్మట కూలిపనులలో కనబడుచుందురు. 2021-22 సంవత్సరపు ప్రభుత్వ లెక్కలనుబట్టి 18 మొదలు 23 ఏండ్లవరకు గల యువజనుల సంఖ్యతో పోల్చగా ఉన్నతవిద్యయందలి నమోదు నూటికి 28.4 మాత్రమే. వెనుకబడినవారిలో చదువురానివారికంటె దారి తెలియనివారే హెచ్చని నా యనుభవము.

ఇట్టి సాహాయ్యము మనకు క్రొత్తది కాదు. పూర్వము బీదవిద్యార్థి పట్టణమునకు బోయి వారములు చేసికొని చదువుకొనెడివాడు. సోమవారమొక యింట, మంగళవారమొక యింట భోజనము. ఏడిండ్లవారు కలిసి యొక విద్యార్థిని నిలుపుచుండిరి. ఏ గృహస్థునకును భారము తోచెడిది కాదు. అయితే ఆ యాదరము కులపుగడప దాటి యందరికిని అందలేదు. ఆ కొరత తీర్చుటకు ప్రభుత్వములు పూనుకొనవలసి వచ్చినది. బరోడా సంస్థానపు విద్యార్థివేతనముతో 1913లో అంబేద్కరుగారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్ళిరి. 1944లో షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్కు పైచదువులకై వేతనములిచ్చు పద్ధతి దేశమున నారంభమైనది. 1971లో సర్వేలునందును, పిమ్మట తాడికొండ, కొడిగెనహళ్ళి మొదలగుచోట్లను గురుకుల పాఠశాలలు వెలసినవి. ఇప్పుడు వసతులు గలవు; వానిని పిల్లవానియొద్దకు చేర్చువారు కొరవడినారు. ఆ పని మీది.

దారిలో మెట్లు నాలుగు. మొదటిది అయిదవతరగతి. ఆ సంవత్సరమే నవోదయ విద్యాలయ ప్రవేశపరీక్ష వ్రాయవలయును. అందు సీట్లలో నూటికి 75కు తక్కువ గాకుండ గ్రామీణ విద్యార్థులకే. రెండవది ఎనిమిదవతరగతి. ప్రభుత్వపు బడులలోను, ఎయిడెడు బడులలోను చదువు పేదపిల్లలకు ప్రతిభావేతన పరీక్ష యొకటి గలదు. ఎంపికయైనవారికి తొమ్మిది మొదలు ఇంటరు రెండవ సంవత్సరము వరకు ఏటికి 12,000 రూపాయలు లభించును. మూడవది పదవతరగతి. 2008లో గ్రామీణ విద్యార్థులకై నెలకొల్పబడిన సాంకేతిక విశ్వవిద్యాలయపు విద్యాలయములు బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో గలవు. ఇచ్చట పదవతరగతి ఫలితమునుబట్టి ప్రవేశించినవారు ఆరేండ్లలో ఇంజనీరింగు పట్టము పొందవచ్చును. నాలుగవది ఇంటరు. ఒకప్పుడు ఎంసెట్టనబడి యిప్పుడు ఈఏపీసెట్టనబడు పరీక్షయే గాక, కేంద్ర విశ్వవిద్యాలయములకు 2022 నుండి ఉమ్మడి ప్రవేశపరీక్ష జరుగుచున్నది. దానిని తెలుగునందును వ్రాయవచ్చునని పెక్కురెరుగరు.

ఇక పత్రముల సంగతి. కుల, ఆదాయ ధ్రువపత్రములు, చదివిన బడుల బోనఫైడులు, ఆధారు, పిల్లవాని పేరనున్న బ్యాంకు ఖాతా: ఇవి ఫలితములు వచ్చిన పిమ్మట పరుగెత్తి సంపాదించునవి కావు. ముఖ్యముగా పేరు చూడుడు. పదవతరగతి పత్రమున ఇంటిపేరు ముందును, ఆధారునందు వెనుకను, ఒకచోట పూర్తిగను, వేరొకచోట పొడియక్షరముగను ఉండుట సామాన్యము. మా శిష్యురాలొకతె, కూలివారి బిడ్డ, మంచి ర్యాంకు తెచ్చుకొనియు, ఆదాయపత్రము మూడుదినములు ఆలస్యముగా చేతికి వచ్చుటచే ఆ యేడు సీటు కోల్పోయెను. పరీక్షలో ఓడినది కాదు, కాగితమున ఓడినది. కావున తొమ్మిదవతరగతి వేసవిలోనే పేరును, పుట్టినతేదీని అన్నిటను సరిపోల్చి దిద్దించవలయును.

కళాశాలల కోరికలను వరుసగా వ్రాయుటయందును పొరపాట్లు జరుగుచున్నవి. ర్యాంకనగా వరుసలో పిల్లవాడు నిలుచు స్థానము. తనవంతు వచ్చినప్పుడు వాని జాబితా పైనుండి క్రిందికి చూడబడును. మొదట ఖాళీగా కనబడినది వానికి కేటాయింపబడును. పెద్ద కళాశాలను మొదట వ్రాసినంతమాత్రమున క్రిందిది చేజారదు. కనుక నిజముగా ఇష్టమైనదానిని మొదటను, తరువాతిదానిని తరువాతను వ్రాయవలయును. అయిదారు పేర్లతో ఆపినవాడు ఏదియు దక్కక మిగులుటయు గలదు. చేరుటకు మనసులేనిదానిని మాత్రము వ్రాయరాదు.

పిదప ధనము. ప్రభుత్వము రుసుము భరించినను ఆ సొమ్ము తరువాత వచ్చును. ప్రవేశదినముననే హాస్టలు బయానా, రైలుచార్జి, పరుపు, పుస్తకములు కావలయును. ఈ కొద్దిమొత్తమునకై అధికవడ్డీకి అప్పుచేయు తండ్రులు గలరు. వారముల భోజనమువలెనే ఊరి యిండ్లు తలా కొంచెము కూర్చి యొక నిధి యేర్పరుపవచ్చును. ఉద్యోగము వచ్చినవాడు తాను తీసికొన్నంత తిరిగి వేసినచో అది తరిగిపోదు.

సీటు దొరకుటతో పని ముగియదు. తెలుగుమాధ్యమమున చదివినవాడు మొదటినెలలలో ఆంగ్లపాఠము వినలేక తాను మూఢుడనని భ్రమించును. నిజమునకు వానికి విషయము తెలియును, పేరు మాత్రము తెలియదు. త్రికోణమితియే ట్రిగనామెట్రీ, గురుత్వాకర్షణమే గ్రావిటేషను, కిరణజన్యసంయోగక్రియయే ఫోటోసింథసిస్. వేసవిసెలవులలో పాఠ్యపుస్తకమునందలి పారిభాషిక పదములను రెండు వరుసలుగా వ్రాయించి, దినమునకు పదేసి వల్లెవేయించినచో రెండునెలలలో ఆరువందల మాటలు వశమగును. అమరము కంఠస్థము చేసిన సంప్రదాయము మనది. ఇది దానిలో లెక్కకు రాదు. ఊరినుండి ముందు వెళ్ళిన విద్యార్థి యొకడు వారమునకొకసారి ఫోనులో పలుకరించిన చాలును. సగము బెంగ తీరును.

ఆడుపిల్లల విషయమున మీ మాటకు మరింత బలము గలదు. సీటు వచ్చిన బిడ్డకు సంబంధము వచ్చినదని చదువు మాన్పించు తండ్రి, ప్రభుత్వము చెప్పిన వినడు. పెద్దలు చెప్పిన వినును. హాస్టలు ఎట్టిదో తల్లిదండ్రులతో కూడ పోయి చూచి వచ్చుట మాటలకంటె మేలు.

చదువు మధ్య ఆగినవారికిని ద్వారము మూసికొనిపోలేదు. 1982లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము, నేడు అంబేద్కరుగారి పేర వెలయుచు, పనిచేసికొనుచు చదువువారికి పట్టములిచ్చుచున్నది.

నా మనవి యిది. గ్రామమున ఒక్కరిని ఈ పనికి నియమింపుడు. పదవతరగతి, ఇంటరు పిల్లల పేర్లు ఒక పుస్తకమున వ్రాసి, ఎదుట పరీక్షతేదీయు, పత్రముల స్థితియు గుర్తింపుడు. ఆ పుస్తకము నెలకొకసారి పంచాయతీ అరుగుమీద చదువబడవలయును. పొలమునకు నీటివంతు తప్పకుండ చూచు పెద్దలకు ఇది అసాధ్యము కాదు.

స్వస్తి.