గడీ రాయి, స్తూపం రాయి, జనం పాట

తెలంగాణ పల్లెల్లో రెండు రకాల కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి దొర గడీ, రెండోది అమరుల స్తూపం. గడీ లేచింది వెట్టిచాకిరీతో. రాళ్లు మోసినోళ్ల పేర్లు ఆ గోడల మీద వెతికినా దొరకవు. స్తూపం మీద మాత్రం కూలోడి పేరు, రైతుబిడ్డ పేరు ఉంటుంది.

1946 జూలై 4న కడివెండిలో సంఘం ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ గూండాలు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ కబురు ఊరూరా నిప్పు రాజేసింది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు బైరాన్‌పల్లి మీద పడ్డాయి. ఊరి జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చారు. జనం ఎదురు నిలిచిన బురుజు ఇప్పటికీ ఆ సాక్ష్యం చెబుతోంది.

1951లో పోరాట విరమణ జరిగేనాటికి నాలుగువేల మంది అమరులయ్యారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఇన్ని పేర్లు ఏ రాయి మీద పడతాయి?

రాయికి చేతకాని పని సాహిత్యం చేసింది. వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’, దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ దొరల పెత్తనాన్ని, వెట్టిని కళ్లకు కట్టాయి. సుద్దాల హనుమంతు పసులగాసే పిల్లవాడి గోస మీద పాట కట్టాడు. బండి యాదగిరి పాట నిజామును నిలదీసింది. అక్షరం రానోళ్లు ఆ పాటల్ని నోటనే దాచుకున్నారు. రాయిని పగలగొట్టొచ్చు, నోట ఉన్న పాటను ఎవడు గుంజుకుంటాడు?

పాలకుర్తి ఐలమ్మ సంగతి చూడండి. ఆమె కౌలు పొలంలో పంటను దొర మనుషులు ఎత్తుకపోబోతే సంఘం అడ్డం నిలిచి ధాన్యం ఇంటికి చేర్చింది. 1985లో ఆమె కన్నుమూసింది. 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. మంచిదే. కానీ ఆమె కౌలుదారు అన్న మాట మరిస్తే ఎట్లా? 2018లో మొదలైన రైతుబంధు సొమ్ము పట్టాదారుకు అందింది, దున్నే కౌలుదారుకు అందలేదు. విగ్రహానికి దండ వేసినోళ్లను ఈ ముచ్చట అడగాలె.

కూలన్నా, రైతన్నా! స్తూపానికి ఏటా సున్నం వేద్దాం, జెండా ఎగరేద్దాం. అంతటితో ఆగొద్దు. ఊళ్లో మిగిలిన ముసలవ్వల దగ్గర కూర్చుని రాయికెక్కని పేర్లు, పుస్తకానికెక్కని పాటలు రాసుకుందాం. ఆ పేర్ల పక్కనే ఇంకో లెక్క కూడా రాద్దాం: అప్పుడు పంచిన భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?