ఊరు దాటిన గడపలు

పుట్టిన ఊరు విడిచి మరొక చోట కాపురం పెట్టడం లోకంలో కొత్త విషయం కాదు. చదువు కొరకు, ఉద్యోగం కొరకు వెళ్ళినవారికి వెనుక ఒక ఊరు మిగిలి ఉంటుంది. పండుగకో జాతరకో తిరిగి వస్తారు. ఆ ఊరే లేకుండా పోయినప్పుడు జరిగే ప్రయాణం వేరు. అట్లా ఇల్లూ భూమీ కోల్పోయి తరలిపోయినవారిని నిర్వాసితులు అంటారు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల కృష్ణాతీర వాసులు ఈ పదానికి నిఘంటువులో అర్థం వెదకనక్కరలేదు.

శ్రీశైలం వద్ద కృష్ణానదిపై నిర్మించిన ఆనకట్టకు 1963 జూలైలో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. ఆ మట్టానికి దిగువన నాటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలకు చెందిన సుమారు నూరు గ్రామాలు, లక్షకు పైగా ప్రజలు ఉన్నారు. నేటి వనపర్తి జిల్లాలోని చిన్నంబావి వైపు గ్రామాలు మొదలుకొని కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల వరకు నదిని ఆనుకొని ఉన్న సారవంతమైన నేలలు ముంపునకు గురైనాయి. 1981లో అధికారులు చాలా గ్రామాలను బలవంతంగా ఖాళీ చేయించారు. శంకుస్థాపనకూ ఈ ఘట్టానికీ నడుమ పదునెనిమిది ఏండ్లు గడిచాయి. పాత మిద్దెకు మరమ్మతు చేయించాలన్నా, బావి తవ్వించాలన్నా ఇంటి యజమానికి సందేహమే కదా!

ముంపు ప్రాంతంలో పురాతన దేవాలయాలు కూడా ఉన్నాయి. కృష్ణా తుంగభద్రల సంగమస్థానమైన కూడవెల్లిలోని చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురంలో పునర్నిర్మించారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయాన్ని కూడా ఇట్లే తరలించారు. ఇటువంటి పనిలో ప్రతి రాతికీ ఒక సంఖ్య వేస్తారు. ఏ రాయి ఏ వరుసలో ఉండేదో పటం గీసుకొని, శిఖరం నుండి పునాది వరకు విప్పి, కొత్త చోట అదే క్రమంలో పేరుస్తారు. ఈజిప్టులో ఆస్వాన్ ఆనకట్ట సందర్భంలో అబూ సింబెల్ ఆలయాలను 1964-68 మధ్య ఎత్తైన చోటికి మార్చిన విధం జగత్ప్రసిద్ధం. అదే ఆనకట్ట మూలంగా ఇల్లు వదలిన నూబియా ప్రజలను తలచేవారు తక్కువ.

మనుషుల తరలింపులో ఇంతటి క్రమం పాటింపబడలేదు. విడదీయగలిగిన తలుపులు, దూలాలు, దంతెలు బండ్లమీద వచ్చాయి. మట్టిగోడలు రాలేదు, పెద్దల సమాధులు రాలేదు. ఇరుగుపొరుగు వరుస చెదిరింది. ఊరు అనిపించుకోవాలంటే బొడ్రాయి ఉండాలన్నది తెలంగాణ పల్లెల నమ్మకం. కనుక కొత్త చోట ఇండ్లు లేచిన తరువాత బొడ్రాయినీ పోచమ్మనూ మళ్ళీ ప్రతిష్ఠించుకోవలసి వచ్చింది.

పరిహారం 1894 నాటి భూసేకరణ చట్టాన్ని అనుసరించి నిర్ణయమైంది. అది పట్టా ఉన్న భూమికీ కట్టిన ఇంటికీ వెల కట్టింది. ఒకరి పొలంలో కూలి చేసి బ్రతికిన కుటుంబానికి పోయిన పని దాని లెక్కలోకి రాలేదు. కరువుకు అలవాటుపడిన పాలమూరులో అప్పటికే మేస్త్రీ వద్ద బయానా తీసుకొని, గుంపులుగా ముంబయి, పుణె వంటి దూరప్రాంతాలకు పోయే అలవాటు ఉంది. భూమి లేనివారికి ఆ దారి ఒక్కటే తెరచి ఉంది. దేశంలో ఆనకట్టల పనిలో మట్టి మోసినవారిలో పాలమూరు కూలీలు కూడా ఉండడం గమనింపదగినది.

1986లో ప్రభుత్వం 98వ నంబరు ఉత్తర్వు ద్వారా నిర్వాసిత కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇవ్వడానికి అంగీకరించింది. దాని అమలు కొరకు నిర్వాసితులు దశాబ్దాల తరబడి ఆందోళన చేశారు. ఎదురుచూస్తూ వయోపరిమితి దాటినవారూ ఉన్నారు. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన కొత్త భూసేకరణ చట్టం మాత్రం, సేకరణకు ముందు మూడేండ్లుగా ఆ ప్రాంతంలో పనిచేసి బ్రతుకుతున్న కూలీలను, కౌలుదారులను, చేతివృత్తులవారిని కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. ఇది శ్రీశైలం నిర్వాసితులకు ముప్పది ఏండ్లు ఆలస్యమైంది. వనపర్తి జిల్లాలోనే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకం కింద ఏదుల జలాశయానికి ఊరు విడిచిన బండరావిపాకుల ప్రజలు ఈ చట్టం వచ్చిన తరువాతి తరం నిర్వాసితులు.

వేసవిలో శ్రీశైలం నీటిమట్టం తగ్గినప్పుడు మునిగిన నేలలు కొంతకాలం బయటపడతాయి. తీరగ్రామాల రైతులు ఆ ఒండ్రు మట్టిలో విత్తనాలు చల్లి, మళ్ళీ వరద రాకముందే పంట తీసుకుంటారు.