ఆఖరి రాయి సాండ్రాది

క్యారమ్స్ ఆడినవాళ్లకి ఈ దెబ్బ తెలుసు. స్ట్రైకర్ ముందు పక్కనున్న కాయిన్‌ని రాసుకుని, అక్కడి నుంచి మళ్లి అసలు కాయిన్‌ని తాకుతుంది. స్ట్రైకర్ బదులు దాదాపు 20 కిలోల గ్రానైట్ రాయి, బోర్డు బదులు 45 మీటర్ల మంచు పట్టీ అనుకోండి. 1997 నవంబర్‌లో కెనడాలోని బ్రాండన్‌లో, ఒలింపిక్స్‌కి వెళ్లే జట్టేదో తేల్చే ఫైనల్లో, సాండ్రా ష్మిర్లర్ అలాంటి దెబ్బే కొట్టింది. ఒక్క రాయితో 3 పాయింట్లు వచ్చాయి. తొలి బిడ్డ పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు.

ఈ ఆట పేరు కర్లింగ్. జట్టుకి నలుగురు, ఒక్కో రౌండులో తలా రెండు రాళ్లు. అవతలి చివర గీసిన వలయాల నడిబొడ్డుకి ఎవరి రాళ్లు దగ్గరగా ఆగితే వాళ్లకి పాయింట్లు. రాయి పిడిని కొద్దిగా తిప్పి వదిలితే అది వంపు తిరుగుతూ పోతుంది. మంచు మీద నీటి చుక్కలు చల్లి గడ్డకట్టిస్తారు; ఆ చిన్న బుడిపెల మీదే రాయి ప్రయాణం. రాయికి ముందు ఇద్దరు బ్రష్‌లతో మంచుని రుద్దుతారు. ఆ రాపిడికి మంచు కాస్త వేడెక్కి రాయి ఇంకొంత దూరం, ఇంకొంత తిన్నగా వెళ్తుంది. చేయి వదిలాక కూడా రాయి మీద జట్టుకి పట్టు ఉంటుందన్నమాట. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. ఎత్తులు వేసేదీ, చివరి రెండు రాళ్లు విసిరేదీ మామూలుగా కెప్టెనే. ఆ కెప్టెన్‌ని స్కిప్ అంటారు.

సాండ్రా స్కిప్. 1963లో సస్కాచెవాన్ రాష్ట్రంలోని బిగర్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. గోధుమ పొలాల నేల, నెలల తరబడి చలికాలం. అలాంటి ఊళ్లలో కర్లింగ్ క్లబ్బంటే నలుగురూ కలిసే చోటు. పెద్దయ్యాక అదే రాష్ట్రంలోని రెజీనాలో ఉద్యోగం చేసుకుంటూనే ఆడింది. జాన్ బెట్కర్, జోన్ మెకస్కర్, మార్సియా గూడరైట్‌లతో కలిసి 1993, 1994, 1997లో కెనడా టైటిల్, ఆ మూడేళ్లూ ప్రపంచ టైటిల్ కూడా గెలిచింది. 1998 నగానో ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ అదనపు రౌండు దాకా సాగింది. బ్రిటన్ మీద 6-5తో బయటపడ్డారు. ఫైనల్లో డెన్మార్క్‌ని 7-5తో ఓడించి, మహిళల కర్లింగ్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం అందుకున్నారు.

1999లో రెండో కూతురు పుట్టింది. ఆ ఏడాదే కేన్సర్ బయటపడింది. 2000 మార్చి 2న, 36 ఏళ్లకే సాండ్రా కన్నుమూసింది. అంత్యక్రియలు దేశమంతటా టీవీలో ప్రత్యక్షంగా చూపించారు. ఆ రోజుల్లోనే సస్కటూన్‌లో పురుషుల జాతీయ కర్లింగ్ టోర్నీ జరుగుతోంది. అక్కడ ఆట వాయిదా వేశారు; మంచు చుట్టూ కూర్చున్న జనం పెద్ద తెర మీద చూస్తూ ఆమెకి వీడ్కోలు చెప్పారు.

తర్వాత ఆమె పేరిట ఒక ఫౌండేషన్ వెలిసింది. కర్లింగ్ అభిమానులు ఇచ్చే విరాళాలతో అది కెనడా ఆస్పత్రులకి పరికరాలు కొనిస్తోంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల కోసం, ప్రాణాపాయంలో ఉన్న శిశువుల కోసం.