గాలికి దారి ఉంటేనే ఫ్యాన్‌కు పని

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ చౌరస్తా నుంచి నాగారం మీదుగా కీసరకు వెళ్లే రోడ్డు మన దేశపు తొలితరం కంప్యూటర్లు తయారైన చోటే మొదలవుతుంది. ఏ.ఎస్.రావు నాయకత్వంలో 1967లో పుట్టిన ఈసీఐఎల్, ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12 వంటి కంప్యూటర్లను తయారుచేసింది. బీరువాలంత ఉండే ఆనాటి కంప్యూటర్లకు ఏసీ గది తప్పనిసరి. ఇప్పుడు వాటికంటే ఎన్నో రెట్లు వేగంగా లెక్కలు చేసే యంత్రం కీసరలో మామూలు గదిలో, మే నెల ఎండల్లో, టేబుల్ కింద నడుస్తోంది. దాన్ని కాపాడేవి 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీ పవర్ సప్లై సామర్థ్యం 63.5 వాట్లే. అందులోని ఒక్క ఫ్యానే క్యాబినెట్ మొత్తానికి సరిపోయింది. ప్రాసెసర్లు వేడెక్కేకొద్దీ వాటి నెత్తిన కూడా ఫ్యాన్ వచ్చింది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే పీసీ నమూనా తెచ్చినప్పుడు, పవర్ సప్లై ఫ్యాన్ బయటి గాలిని లాగి నేరుగా ప్రాసెసర్ మీదికి తోస్తే రెండో ఫ్యాన్ ఖర్చు తప్పుతుందనుకున్నారు. కానీ ఆ గాలి పవర్ సప్లై వేడిని మోసుకుంటూ ప్రాసెసర్‌ను చేరేది. చివరికి ఫ్యాన్‌ను తిప్పి బిగించి, గాలిని బయటికి పంపడమే పద్ధతయింది. ఫ్యాన్ అదే, మారింది దిక్కు మాత్రమే.

ఫ్యాన్ చల్లదనాన్ని పుట్టించదు, వేడిని మోసుకుపోతుందంతే. 300 వాట్ల వేడిని గాలి 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా బయటికి పంపాలంటే సెకనుకు దాదాపు 26 లీటర్ల గాలి క్యాబినెట్‌ను దాటాలి. గది 42 డిగ్రీలుంటే బయటికొచ్చే గాలి 52 ఉంటుంది. దారిలో వైర్ల చిక్కు, మూసుకుపోయిన జాలి, గోడకు ఆనించిన వెనకభాగం ఉంటే ఆ వేడి ఇంకా పైకి పోతుంది.

అందుకే ముందు రెండు ఫ్యాన్లు లోపలికి, వెనక ఒకటి బయటికి ఉండటం మంచి అమరిక. పైన ఇంకొకటి పెడితే అది వెనకవైపు ఉండాలి. ముందువైపు పెడితే చల్లగాలిని ప్రాసెసర్‌ను చేరకముందే లాగేసుకుంటుంది. ఫ్యాన్‌లో మోటారును పట్టి ఉంచే కడ్డీలు ఏ వైపు కనిపిస్తాయో, సాధారణంగా గాలి ఆ వైపే బయటికి వస్తుంది. అనుమానముంటే క్యాబినెట్ బయట, ముందువైపు జాలి దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి వంగితే దిక్కు సరైనదే. వెనక పట్టుకుంటే పొగ దూరంగా చెదిరిపోవాలి.

కొత్త వెంచర్ల మట్టి లేచే కీసరలో మరో సంగతీ ఉంది. లోపలికొచ్చే గాలి బయటికి పోయేదానికంటే కాస్త ఎక్కువుంటే, మిగులు గాలి సందుల్లోంచి బయటికే తోసుకొస్తుంది. అప్పుడు దుమ్ము సందుల్లోంచి చొరబడదు, ముందు ఫ్యాన్లకున్న ఫిల్టర్ దగ్గరే ఆగుతుంది. ఆ ఫిల్టర్‌ను మనం కడగాలి, పూర్తిగా ఆరాక బిగించాలి.

ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే గాలి సగమవుతుంది, అది లాగే విద్యుత్తు సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు బాగా తగ్గుతుంది. మెల్లగా తిరిగే రెండు ఫ్యాన్లు హోరెత్తే ఒక్కదానికంటే మేలు. కాబట్టి ఇంకో ఫ్యాన్ కొనేముందు, ఉన్నవాటికి దారి వదిలి చూడండి.